గుడ్ల పిన్ని బండి ఎత్తు పెరిగిన కథ

గుడ్ల పిన్ని బండెక్కడం ఒక వేడుక. తలుపు తీస్తుంది, సీటు మీద దిండు సర్దుతుంది, ఒక కాలు మెట్టు మీద వేసి, స్టీరింగు పట్టుకుని "హమ్మా!" అని ఒక్క ఊపు ఊగుతుంది. అంతే, లోపల ఉంటుంది. బయటి నుంచి చూస్తే అద్దంలో ఒక కొప్పూ, స్టీరింగు మీద రెండు చేతులూ తప్ప ఇంకేం కనపడవు. కొత్తవాళ్ళు బండి దానంతటదే నడుస్తోందనుకుని గోడకి అతుక్కుపోతారు. పాతవాళ్ళు నవ్వి, "అది దెయ్యం బండి కాదయ్యా, మా గుడ్ల పిన్ని" అని చెప్తారు.

పొట్టివాళ్ళకి పుట్టెడు బుద్ధులంటారు. పిన్నికి బుద్ధుల మాటెలా ఉన్నా, మొండితనం మాత్రం పుట్టెడుకి తక్కువుండదు. డ్రైవింగు వాళ్ళ నాన్న నేర్పాడు. ఆయన రొట్టెల వ్యాను నడిపేవాడు. కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాడు, కాళ్ళు అందే వయసొచ్చేసరికి చూస్తే దారి కనపడే ఎత్తు రాలేదు. దిండు వేశాడు. ఆ దిండు గలీబు ఎన్నిసార్లు మారిందో గానీ, దిండు మాత్రం అదే.

పెళ్ళయ్యాక వచ్చిన ఇంట్లో ముందు గది గుడ్ల కొట్టు. మొగుడు గుడ్డుని దీపానికి ఎదురుగా పట్టి చూసి లోపలేముందో చెప్పేస్తాడు గానీ, స్టీరింగు పట్టుకుంటే ఆయనకి చెమటలు పడతాయి. మలుపు దగ్గర కళ్ళు మూసుకుంటాడు. ఒకసారి పక్క సీట్లో కూర్చుని అది చూసిన పిన్ని, "మీరు కొట్లో కూర్చోండి, మనిద్దరం పదికాలాల పాటు బతికుండాలి" అని తాళంచెవి తీసేసుకుంది.

ఆ రోజు నుంచి కోళ్ళ ఫారాల చుట్టూ తిరగడం మొదలు. ఎక్కడికెళ్ళినా ఒకటే మాట. "బండి సంగతి తర్వాత చూద్దాం, ముందొక నిచ్చెన కొనుక్కో తల్లీ." నవ్వి పంపించేసేవాళ్ళే తప్ప ఒక్క ట్రే ఇచ్చినవాడు లేడు. చివరికి గుట్ట మీదుండే పై ఫారం పెద్దాయన మాత్రం ఆమెని ఎగాదిగా చూసి (చూడ్డానికి పెద్దగా సమయం పట్టలేదు), "గుడ్లు పగలకుండా దించేవాళ్ళ ఎత్తుతో నాకేం పని?" అని బండి నింపించాడు. ఆ ఒక్క మాట పట్టుకుని మిగతా ఫారాలన్నీ దారికొచ్చాయి. అందుకే పిన్నికి పై ఫారం అంటే పుట్టిల్లు లాంటిది. ఎంత దూరమైనా, ఎంత చెడ్డ దారైనా, పొద్దున్నే ముందు బండి అటే తిరుగుతుంది.

ఆ దారే ఇప్పుడు పగబట్టింది. క్వారీ లారీలు తిరిగి తిరిగి రెండు వైపులా చక్రాల గాడులు మోకాటి లోతు దిగిపోయాయి, నడుమన మట్టి గేదె వీపులా లేచింది. పోయిన వానాకాలం పిన్ని బండి ఇరుసు నడుమ ఉండే గేర్ల గుండు ఆ మట్టి వీపు మీద కూర్చుండిపోయింది. వెనక చక్రాలు బురదలో ఊరికే గిరగిరా తిరిగాయి. కోళ్ళకి నీళ్ళు తెచ్చే ట్రాక్టరతను వచ్చి తాడేసి లాగాడు. లాగినవాడు ఊరుకోకుండా, "పిన్నీ, దిండు నువ్వు కాదు, బండి వేసుకోవాల్సింది" అన్నాడు.

పెద్దాయన నవ్వలేదు. ఈ ఏడు వానలకి ముందే పిలిచి చెప్పాడు. "అమ్మా, ఈసారి కూడా బండి దిగబడితే గుడ్లు ట్రాక్టరు మీదే దించేస్తాను. కోళ్ళు నీ కోసం గుడ్లు పెట్టడం ఆపవు కదా. ఒకసారి అతనికి అప్పజెప్పాక మళ్ళీ లాక్కుని నీకివ్వడం నా వల్ల కాదు. ముందే చెప్తున్నా, తర్వాత నిష్ఠూరపడకు."

నిష్ఠూరపడటానికేముంది, ఆయన చెప్పింది నిజమే. కానీ పిన్నికి ఆ పూట అన్నం దిగలేదు.

పెద్ద టైర్లు వెయ్యాలి, అంతవరకూ అందరూ ఒప్పుకున్నారు. వీధి చివర షెడ్డు ఆడపడుచు భర్తదే. ఆయన మెకానిక్కు, పిన్నికి వరసకి అన్నయ్య. ఒక పెద్ద టైరు తెచ్చి ముందు చక్రానికి బిగించి, "ఇప్పుడు తిప్పు చెల్లెమ్మా" అన్నాడు. పిన్ని స్టీరింగు మొత్తం తిప్పేసరికి టైరు మడ్‌గార్డుకి రాసుకుని బర్రుమని చిరుగుతున్న గోనెసంచీలా అరిచింది.

"చూశావా? కాలు పెరిగింది, చెప్పు పెరగలేదు. బండి ఎత్తు పెంచితే గానీ ఈ టైరు పట్టదు."

ఇక్కడే అసలు తగువు మొదలైంది. ఎత్తు పెంచడం ఒక్కటే, పెంచే దారులు రెండు.

అన్నయ్య కొట్లోకొచ్చి, స్టూలు మీద ఖాళీ ట్రే పెట్టి పాఠం మొదలుపెట్టాడు. "ఈ స్టూలు ఛాసిస్సు, అంటే కింది ఇనప చట్రం. ఈ ట్రే పైన బాడీ. రెండింటికీ మధ్య ఇలా దిమ్మలు పెట్టి బిగిస్తా. బాడీ లేస్తుంది, టైరుకి చోటొస్తుంది. కింద స్ప్రింగులు, కుదుపులు మింగే షాకబ్జార్లు ఎక్కడివక్కడే. బండి ఇన్నాళ్ళూ ఎలా ఊగిందో అలాగే ఊగుతుంది."

పిన్ని తమ్ముడు గుమ్మానికి ఆనుకుని వింటున్నాడు. అక్కకి రావాల్సిన ఎత్తు కూడా తనే పట్టుకెళ్ళాడన్నట్టు తాడిచెట్టంత మనిషి. తన బండికి స్ప్రింగులు మార్పించి మేడలా లేపించుకున్నాడు, దాని మీద ఈగ వాలనివ్వడు. "అక్కా, దిమ్మలు పెడితే బాడీ లేస్తుంది గానీ ఛాసిస్సు నేల మీదే దేకుతుంది. స్ప్రింగులు మార్పించు, షాకబ్జార్లు మార్పించు, బండి బండంతా లేస్తుంది. నా బండి చూడు, ఎలా నిలబడుతుందో!"

"నిలబడితే సరిపోదయ్యా, నడవాలి కూడా" అన్నాడు అన్నయ్య. "ఆ స్ప్రింగులు బిరుసు. ఎక్కినవాళ్ళ పళ్ళు ఒళ్ళో రాలతాయి."

"అన్నా, నువ్వు దిమ్మలు పెట్టిన బండికి బంపరు పైన జానెడు సందు. చీర కింద లంగా కనపడ్డట్టు, ఛీ!"

పిన్ని అత్తగారు మూల కూర్చుని గడ్డి పేర్చిన బుట్టలో గుడ్లు సర్దుతోంది. ఆవిడ తలెత్తి, "అల్లుడుగారు చెప్పాక ఇంక వేరే మాటెందుకు?" అంది. అల్లుడుగారు పగలే చుక్కలున్నాయన్నా ఆవిడ ఎన్నున్నాయని అడుగుతుంది తప్ప లేవనదు. కోడలి తమ్ముడి మాటంటే మాత్రం ఒక చెవితో వినడానికి కూడా బద్ధకం.

ఇంటాయన ఎప్పట్లాగే, "ఇద్దరు చెప్పిందీ బానే ఉంది" అన్నాడు. పిన్ని ఆయన వైపొక చూపు చూసింది. ఆయన గుడ్లలో తల దూర్చాడు.

మర్నాడు పిన్ని ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. అన్నయ్యకి చెడిపోయిన బళ్ళు లాక్కొచ్చే పాత బండి ఒకటుంది, దానికి దిమ్మలు పెట్టి ఎత్తు పెంచిందే. తమ్ముడిది స్ప్రింగులతో ఎత్తు పెంచింది. రెండింటికీ టైర్లు మాత్రం ఒకే సైజు. ఖాళీ ట్రేలు దొంతరగా పేర్చి, అన్నయ్య బండి కిందకి దూరి, ఇరుసు గుండుకి ఆనేదాకా ఒక్కో ట్రే పెడుతూ వచ్చింది. అదే దొంతర పట్టుకెళ్ళి తమ్ముడి బండి కింద పెట్టింది. చక్కగా ఆనింది! ఒక్క ట్రే ఎక్కువా కాదు, తక్కువా కాదు.

బండి కింద నుంచి పాదాలు మాత్రం బయటికి కనపడుతుంటే తమ్ముడు, "అక్కా, ఏం పోగొట్టుకున్నావ్?" అన్నాడు.

"ఏం పోలేదురా. దొరికింది." పిన్ని దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చింది. "నీ బండి మేడ, ఆయన బండి అరుగు. కానీ మట్టికి తగిలే గుండు రెండింటికీ ఒకే ఎత్తు. దాన్ని లేపేది టైరే గానీ మీరు కాదు. మీ ఇద్దరి పనీ టైరుకి చోటివ్వడమే. ఇంక నాకు తేలాల్సిందొకటే. ఎవరి బండిలో గుడ్లు బతికి బట్టకడతాయి?"

అలా పందెం కుదిరింది. ఆ గతుకుల దారిలోనే, క్వారీ మలుపు దాకా పోయి రావాలి. ఒక్కో బండిలో ముప్ఫయ్యేసి గుడ్ల ట్రేలు రెండేసి. నడిపేది పిన్నే. తీర్పు మాత్రం గుడ్ల కొట్టు పద్ధతిలో. సరుకు దిగినప్పుడు గుడ్లు ఒక్కొక్కటీ తీసి చూసే తీరిక ఎవరికుంటుంది? ట్రే ఎత్తి అడుగున అరచెయ్యి పెడతారు. పొడిగా ఉంటే గుడ్లు బాగున్నట్టు, తడిస్తే పగిలినట్టు. ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి నడిచే పద్ధతి అదే.

శనివారం అన్నయ్య బండి. పోయొచ్చాక అత్తగారు తన చేత్తోనే చూసింది. ఒక ట్రే పొడి. రెండో ట్రే మూల తడి, రెండు గుడ్లు పగిలాయి. పగిలిన గుడ్డంటే ఆవిడకి ఇంట్లో పసిపిల్ల పడినంత పని. "అయ్యో, అయ్యో" అంటూ గిన్నెలోకి ఎత్తింది.

అన్నయ్య మీసం తిప్పాడు. "రెండంటే ఏం లెక్క అత్తయ్యగారూ? రేపు వాడి బండిలో చూడండి. అరవైకి అరవై నేలపాలే. ట్రేలో ఆమ్లెట్టు పోసినట్టుంటుంది."

ఆయన సరదాకి అన్నాడు. కానీ ఆ మాట ఎవరి చెవిలో పడిందో ఆయన చూసుకోలేదు.

ఆదివారం తమ్ముడి బండి. పిన్నికి దిండు మీద ఇంకో దిండు వేస్తే గానీ దారి కనపడలేదు. క్వారీ మలుపు చేరేసరికి నడుము ఎక్కడుందో తెలియలేదు, పళ్ళు టకటకా కొట్టుకున్నాయి, కొప్పు ఊడి మెడ మీద పడింది. 'అయిపోయాయి గుడ్లు' అనుకుంటూనే వచ్చింది. షెడ్డు ముందు అత్తగారు ట్రే ఎత్తి అరచెయ్యి పెట్టింది. పొడి. రెండోది ఎత్తింది. అదీ పొడే.

తమ్ముడు గంతేశాడు. "చూశావా అన్నా! ఒక్క చుక్క లేదు! ఏదీ నీ ఆమ్లెట్టు?"

అన్నయ్య మొహం ఆరేసిన బట్టలా వేలాడింది. ట్రే అటెత్తి చూశాడు, ఇటెత్తి చూశాడు. అడుగున తడి లేదు. "సరే, పందెం పందెమే" అని పిన్ని బండి కింద జాకీ పెట్టాడు. తమ్ముడు దుకాణం నుంచి నమ్మకం మీద తెచ్చుకున్న కొత్త స్ప్రింగులు అప్పుడే విప్పుతున్నాడు. అత్తగారు ఎందుకో అల్లుడి మొహం చూడలేక, పనుందంటూ ముందే ఇంటికెళ్ళిపోయింది.

పిన్ని గుడ్లు తీసుకుని కొట్లోకొచ్చింది. గెలిచింది సొంత తమ్ముడే, సంతోషించాలి. కానీ పళ్ళింకా జివ్వుమంటున్నాయి. నా దవడ కదిలిపోతే గుడ్డు కదలకపోవడమేంటి? పిన్నికి ఆలోచన పట్టుకుంటే ఒక అలవాటుంది. గుడ్డొకటి తీసి కౌంటరు బల్ల మీద బొంగరంలా తిప్పుతుంది. పచ్చిగుడ్డు ఎంత తిరుగుతుంది? తాగినవాడిలా రెండుసార్లు తూలి ఆగిపోతుంది. ఇప్పుడూ అలాగే తిప్పింది.

గుడ్డు గిర్రున తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఆగకుండా బల్ల చివరి దాకా వెళ్ళింది.

ఇంటాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. పిన్ని ఇంకొకటి తీసి తిప్పింది. అదీ బొంగరమే. మూడోది తీసి దీపానికి ఎదురుగా పట్టింది. లోపల రాయిలా నల్లగా ఉంది, పెంకు మీద వెంట్రుకవాసి బీటలు సాలెగూడులా పరుచుకున్నాయి. ఎంతగా బీటలు పడినా కారడానికి లోపల ఏముందని?

వంటింట్లోకి తొంగిచూసింది. ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గిన్నె బోర్లించి ఉంది. పొయ్యిలో బూడిద ఇంకా నులివెచ్చగానే ఉంది.

"అత్తయ్యా!"

"ఎందుకలా కేకేస్తావ్, నేనేం చెవిటిదాన్నా?" అత్తగారు చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కోడలి చేతిలో గుడ్డు చూసింది. తర్వాత గడ్డం ఎత్తింది. "ఏం, ఉడికితే మాత్రం గుడ్డు గుడ్డు కాకుండా పోతుందా?"

"అరవై గుడ్లు అత్తయ్యా! అరవైకి అరవై ఉడకబెట్టేశావా?"

"మరి అరవై నేలపాలవుతాయని అల్లుడుగారే అన్నారుగా! ఉడికినవైతే పగిలినా తినొచ్చు కదా అని, నువ్వు లేవకముందే పొయ్యి మీద పెట్టా. అల్లుడి మాట నమ్మడం కూడా తప్పేనా?"

పిన్నికి కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. ఆపుకోబోతే పొరపోయింది. ఈ లోకంలో అన్నయ్య మీద ఇంత నమ్మకం ఉన్న మనిషి ఈవిడొక్కతే, ఆ నమ్మకమే ఆయన్ని ఓడించింది! వెనక ఇంటాయన బల్ల మీద తల పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, షెడ్డులో నట్లు ఊడుతున్నాయి.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. "ఆపండి! ఒక్క నట్టు కూడా విప్పకండి!" అని వీధి ఈ చివర నుంచే అరుపు. అన్నయ్య బండి కింద నుంచి తల బయటపెట్టాడు. పిన్ని చేతిలోని గుడ్డుని బండి ముందున్న పని బల్ల మీద పెట్టి తిప్పింది. అది నట్ల మధ్యా బోల్టుల మధ్యా హాయిగా గిరగిరా తిరిగింది.

తమ్ముడు దాన్ని పట్టుకుని, నుదుటికి కొట్టుకుని, పెంకు తీసి, సగం నోట్లో పెట్టుకున్నాక గానీ నమ్మలేదు. "ఉప్పుందా?" అన్నాడు.

మళ్ళీ పందెం పెట్టమని అడిగింది కూడా వాడే. "పచ్చివే పెట్టు అక్కా. ఈసారి నేనే నడుపుతా, నెమ్మదిగా నడుపుతా." నెమ్మదిగానే నడిపాడు, పాపం. అయినా తిరిగొచ్చేసరికి ట్రే ఎత్తక్కర్లేకుండానే బండి వెనక నుంచి సొన చుక్కలు చుక్కలుగా కారుతోంది. అత్తగారు కళ్ళు రెండూ గట్టిగా మూసుకుంది.

"బరువుంటే దీని అందం వేరు" అన్నాడు తమ్ముడు తల గోక్కుంటూ. "రాళ్ళు వేసుకుంటే ఉయ్యాలే. గుడ్లకి మాత్రం… సరే, స్ప్రింగులు దుకాణానికి తిరిగిచ్చేస్తా." ఆ సాయంత్రం వీధిలో ఏ ఇంట చూసినా ఆమ్లెట్టు వాసనే. ఉడికిన గుడ్లు అంతకుముందే పంచేశారు.

గెలిచానన్న ఊపులో అన్నయ్య చేతిమందం దిమ్మలు తెచ్చాడు. పిన్ని వాటిని చూసి, "ఇవెందుకు? మీ మీసానికా?" అంది. "టైరు రాసుకోకుండా ఎంత కావాలో అంతే పెట్టండి. ఆపైన ఒక్క వేలు కూడా ఎక్కువొద్దు." ఆయన సణుక్కుంటూ అన్నిటికన్నా పలచని దిమ్మలు పెట్టాడు. స్టీరింగు రాడ్డుకి అతుకు వేశాడు, గేరు రాడ్డు పొడుగు చేశాడు. పెద్ద టైర్లు బిగించాడు. పిన్ని స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పింది. చప్పుడు లేదు.

కానీ తమ్ముడన్నట్టే బంపరు పైన సందు కనపడింది. పక్కింటివాళ్ళు చూసి ముసిముసిగా నవ్వారు. అత్తగారికి అది తలకొట్టేసినట్టయింది. "నా కోడలి బండికి లంగా కనపడటమేంటి?" అని అల్లుడి షెడ్డు ముందు కూర్చుని, ఆయన నల్ల రబ్బరు పట్టీ కత్తిరించి చుట్టూ బిగించేదాకా లేవలేదు. అల్లుడికి ఎదురు మాట్లాడటం ఆవిడ జన్మలో అదే మొదటిసారి.

మెట్టు మాత్రం బండితో పాటే పైకెళ్ళిపోయింది. పిన్ని కాలు ఎత్తితే అందలేదు. ఒక ఊపు కాదు, మూడు ఊపులు ఊగినా లాభం లేకపోయింది. తమ్ముడు, "ఎత్తుకోనా అక్కా?" అన్నాడు. పిన్ని చెప్పు తీసేలోపు పారిపోయాడు. మర్నాటికి అత్తగారే దారి చూపించింది. గుడ్లు సర్దేటప్పుడు తను కూర్చునే ముక్కాలిపీటకి తాడు కట్టి తెచ్చింది. పిన్ని పీటెక్కింది, బండెక్కింది, తాడు లాగింది. పీట గాల్లో ఎగిరొచ్చి పక్క సీట్లో కూర్చుంది.

వాన పడింది. మొదటి వానే కుండపోత. పై ఫారం దారి బురద ముద్దయింది, గాడుల్లో నీళ్ళు నిలిచాయి. గుట్ట మొదట్లో ట్రాక్టరతను ఇంజను ఆపకుండా, తాడు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పైన గేటు దగ్గర పెద్దాయన గొడుగేసుకుని నిలబడ్డాడు. పిన్ని దిండు మీద సర్దుకుని కూర్చుంది. గేరు తగ్గించి, గాడిలో చక్రం పెట్టి, కదలకుండా ఒకే వేగంతో ఎక్కించింది. పోయినేడు ఇరుక్కున్న చోట కింద ఏదో రాసుకున్నట్టు సర్రుమంది. గేదె వీపు మీది గడ్డి, అంతే. బండి ఆగలేదు.

పెద్దాయన గేటు తీశాడు. చక్రాల వైపూ, రబ్బరు పట్టీ వైపూ, తాడుతో దిగుతున్న పీట వైపూ చూశాడు. లోపలికి తిరిగి, "అమ్మాయొచ్చింది, ట్రేలు తీయండి" అని కేకేశాడు. కిందకి దిగేటప్పుడు ట్రాక్టరతను తాడు చుట్టుకుంటూ, "దిండు బాగుంది పిన్నీ" అన్నాడు. ఈసారి పిన్ని కూడా నవ్వింది.

ఇంటి ముందు బండి ఆగగానే అత్తగారు వచ్చి అన్నిటికన్నా అడుగున ఉన్న ట్రే తీయించింది. అరచెయ్యి పెట్టింది. పొడి. చెయ్యి తిప్పి చూసుకుంది. మళ్ళీ పెట్టింది. పొడే. అంత వానలో, ఆ దారిలో, ఒక్క చుక్క లేదు. ఆవిడ కోడలి మొహంలోకి అనుమానంగా చూసింది. ఒక గుడ్డు తీసి బల్ల మీద పెట్టి తిప్పింది.

గుడ్డు రెండుసార్లు తూలి, తాగినవాడిలా ఒరిగి, ఆగిపోయింది.

"ఏమో, నువ్వూ ఉడకబెట్టి తెచ్చావేమోనని చూశా" అంది అత్తగారు.